ఒరిగిన చెట్టు మీద మనిషి ఎలా నిలుస్తాడు?

పిల్లలూ! నిజామాబాదు నుంచి బోధన్ వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎప్పుడైనా చూశారా? పొలం గట్ల మీద తాటి చెట్లు, వాగుల వెంట ఈత చెట్లు కనిపిస్తాయి. 1931లో నిజాంసాగర్ ఆనకట్ట పూర్తయి, మంజీరా నీళ్ళు కాలువల్లోకి వచ్చిన తరువాత ఈ నేలలో చెరకు విస్తరించింది. బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో పెద్ద చక్కెర కర్మాగారం వెలిసింది. ఆ కర్మాగారం 2015లో మూతపడింది. చెరకు తగ్గి చాలాచోట్ల వరి, మక్కజొన్న, పసుపు వచ్చాయి. పంటలు మారినా గట్ల మీది చెట్లు ఉన్నాయి. వాటిని ఎక్కి కల్లు గీసేవారూ ఉన్నారు.

ఆ చెట్లలో నిటారుగా ఉన్నవి ఎన్ని? ఒకటి తూర్పుకు ఒరిగి ఉంటుంది. ఇంకొకటి పాములా మెలికలు తిరిగి ఉంటుంది. వాటినీ ఎక్కుతారు. ఎలా?

ఒకరోజు తొమ్మిదో తరగతిలో ఘర్షణ పాఠం చెబుతున్నాను. వెనుక బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచి, "సార్, మా పెద్దబాపు చెట్టు మీదికెళ్ళి పడ్డప్పుడు మోకు తెగలేదు. నడుముకే ఉండె. మరి ఎట్ల పడ్డడు?" అని అడిగాడు.

తరగతి అంతా నిశ్శబ్దమైపోయింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. "ఆ చెట్టు నిటారుగా ఉందా, ఒరిగి ఉందా?" అని మాత్రం అడిగాను. "ఒరిగి ఉంది సార్. పైవైపు నుంచే ఎక్కిండు" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ రాసినదే ఈ పాఠం.

మోకు చేసే పని

గీత కార్మికుడి నడుముకు ముస్తాదు ఉంటుంది. కత్తి, ఇతర సామాను అందులో ఉంటాయి. పాదాలకు ఒక చిన్న తాడు బంధం ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యమైనది మోకు. అది చెట్టునూ, మనిషి నడుమునూ కలిపి చుట్టే బలమైన తాడు. మనిషి పాదాలను మానుకు తన్నిపెట్టి, నడుమును మోకుకు ఆనించి వెనక్కి వాలుతాడు. తరువాత మోకును పైకి జరుపుతాడు, పాదాలను పైకి జరుపుతాడు. ఇలా ఒక్కొక్క అడుగే పైకి పోతాడు.

కొత్తగా ఎక్కేవాడికి భయం వేస్తుంది. చెట్టును గట్టిగా కౌగిలించుకుంటాడు. అదే పొరపాటు. ఎందుకో చూద్దాం.

మన శరీరం బరువంతా ఒకేచోట ఉన్నట్లు లెక్కించే బిందువును గరిమనాభి అంటారు. నిలబడిన మనిషికి అది సుమారుగా బొడ్డు దగ్గర ఉంటుంది. మోకు మీద వాలిన మనిషి పాదాలను ఒక కీలుగా భావించండి. గరిమనాభి చెట్టుకు ఎంత దూరంగా ఉంటే, బరువు అతన్ని వెనక్కి తిప్పే ప్రయత్నం అంత ఎక్కువ. ఈ తిప్పే ప్రయత్నానికే బలభ్రామకం అని పేరు. తలుపును కీలు దగ్గర తోస్తే కష్టం, అంచు దగ్గర తోస్తే సులువు, ఇదీ అలాంటిదే. మోకు అతన్ని చెట్టువైపు లాగి ఆ తిరుగుడును ఆపుతుంది.

లెక్క వేద్దాం. మనిషి బరువు 60 కిలోలు. పాదాల నుంచి నడుము ఎత్తు 80 సెంటీమీటర్లు. గరిమనాభి కూడా అదే ఎత్తులో, మానుకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. మోకు మానుకు అడ్డంగా ఉందనుకుందాం.

మోకు లాగుడు × 80 = 60 × 40

కాబట్టి మోకు లాగుడు 30 కిలోలు. (ఇక్కడ బలాన్ని కిలోగ్రాముల బరువుగానే చెబుతున్నాను. న్యూటన్లలో కావాలంటే 9.8తో గుణించండి.) మోకు అతన్ని 30 కిలోల బలంతో చెట్టువైపు లాగితే, పాదాలు కూడా మానును అంతే బలంతో నొక్కుతాయి. నొక్కుడు ఉన్నచోటే ఘర్షణ పుడుతుంది. పాదాల దగ్గరా, చెట్టు వెనుక మోకు ఒరుసుకునే చోటా పుట్టే ఘర్షణే మనిషిని జారకుండా పట్టి ఉంచుతుంది. మానుమీది గరుకు, పాత మట్టల గుర్తులు, పాదాల బంధం దానికి తోడవుతాయి.

ఇప్పుడు భయపడి చెట్టును కౌగిలించుకున్నాడనుకోండి. 40 సెంటీమీటర్లు 20 అవుతాయి. నొక్కుడు 30 కిలోల నుంచి 15కు పడిపోతుంది. బరువు మాత్రం 60 కిలోలే! పట్టు సగమైపోయింది. అందుకే చేయి తిరిగినవారు ధైర్యంగా వెనక్కి వాలుతారు. వాన పడి మాను తడిసినప్పుడు ఎంత వాలినా ఘర్షణ తగ్గిపోతుంది కాబట్టి అప్పుడు ఎక్కకపోవడమే మేలు.

చెట్టు ఒరిగితే?

ఇంతవరకు నిటారు చెట్టు సంగతి. ఇక ఒరిగిన చెట్టుకు వద్దాం. దానికి రెండు ముఖాలు ఉంటాయి. ఆకాశాన్ని చూసేది పైవైపు, నేలను చూసేది కిందివైపు.

చెట్టు ఒరిగింది కాని భూమి ఆకర్షణ ఒరగలేదు. బరువు ఎప్పుడూ నిలువుగా కిందికే పనిచేస్తుంది. అందుచేత ఒరిగిన చెట్టు మీద మనిషి బరువు రెండు పనులు చేస్తుంది. ఒక భాగం మాను వెంబడి కిందికి జార్చుతుంది. రెండో భాగం, మనిషి పైవైపు ఉంటే అతన్ని మానుకు అదుముతుంది. కిందివైపు ఉంటే మాను నుంచి దూరంగా లాగుతుంది.

పైవైపు ఉన్నవాడిని బరువే మానుకు అదుముతోంది గనుక మోకుకు పని తగ్గుతుంది. కిందివైపు ఉన్నవాడికి మోకు పని పెరుగుతుంది. మన 60 కిలోల మనిషికి, అదే భంగిమలో, లెక్క ఇలా వస్తుంది:

నిటారు చెట్టు: మోకు లాగుడు 30 కిలోలు.
10 డిగ్రీల ఒరుగు: పైవైపు 19 కిలోలు, కిందివైపు 40 కిలోలు.
15 డిగ్రీల ఒరుగు: పైవైపు 13 కిలోలు, కిందివైపు 45 కిలోలు.
20 డిగ్రీల ఒరుగు: పైవైపు 8 కిలోలు, కిందివైపు 49 కిలోలు.
26½ డిగ్రీల ఒరుగు: పైవైపు సున్న, కిందివైపు 54 కిలోలు.

ఆఖరి వరుస చూడండి. పైవైపు సున్న! అంటే మోకు నడుముకు ఉంది, చెట్టుకు ఉంది, తెగలేదు. కాని వదులైపోయింది. అది ఏ పనీ చేయడం లేదు. ఆ క్షణంలో మనిషిని నిలబెడుతున్నవి పాదాలు మాత్రమే. పాదం జారితే వదులు మోకు కూడా మనిషితోపాటు మాను వెంట జారుతుంది. "తాడు ఉంది కదా" అనే ధైర్యం మనసులో ఉంటుంది. పట్టు మాత్రం ఉండదు.

పక్కకు దొర్లే ప్రమాదం

పైవైపు ఇంకో చిక్కు ఉంది. మాను గుండ్రంగా ఉంటుంది. గుండ్రటి దుంగ మీద గోళీని పెట్టి చూడండి. నిలిచినట్లే ఉంటుంది, కొంచెం కదిలితే చాలు, పక్కకు దొర్లిపోతుంది. మళ్ళీ తన చోటికి రాదు. దీన్ని అస్థిర సమతాస్థితి అంటారు. ఒరిగిన చెట్టు పైవైపు ఉన్న మనిషిదీ అదే స్థితి. అతని పాదాలు, బంధం మానును రెండు పక్కలా పట్టి ఉన్నంతసేపే నిలుస్తాడు.

కిందివైపు ఉన్నవాడు గోడగడియారం లోలకం వంటివాడు. పక్కకు ఊగినా తిరిగి తన చోటికే వస్తాడు. ఇది స్థిర సమతాస్థితి. పక్కకు దొర్లే భయం లేదు గాని, బరువులో పెద్ద భాగాన్ని మోకే మోయాలి. మోకు పాతదై పీచులు లేచి ఉంటే అక్కడ ప్రమాదం తెగడం వల్ల వస్తుంది. జారితే కింద ఆనుకోవడానికి మాను కూడా ఉండదు.

ఇక మా విద్యార్థి ప్రశ్నకు జవాబు దొరికింది కదా! మోకు తెగకుండానే మనిషి పడే దారి ఉంది. పైవైపు ఎక్కినప్పుడు మోకు వదులవుతుంది, పాదం జారుతుంది, మనిషి పక్కకు దొర్లుతాడు. తాడు బలం ఒక్కటే చాలదు. తాడు బిగువుగా ఉందా లేదా అన్నది చూడాలి.

వంకర ఎక్కడి నుంచి వచ్చింది?

తాటి చెట్టుకు కల్లు తీసేటప్పుడు పూగెలలను చెక్కుతారు. మానుకు గాయం కాదు. ఈత చెట్టు సంగతి వేరు. తలకు కొంచెం కింద మానునే చెక్కుతారు. ఒక ఏడు ఒకవైపు గీస్తే, మరుసటి ఏడు ఎదురువైపు గీస్తారు. చెట్టు పెరిగేకొద్దీ ఈ గీతలు కిందికి మిగిలిపోయి మాను మెలికలుగా కనిపిస్తుంది. ఆ గంట్లు లెక్కపెడితే చెట్టును ఎన్ని ఏళ్ళు గీశారో అంచనా వేయవచ్చు.

వేప, మామిడి వంటి చెట్లలో బెరడు కింద కేంబియం అనే పొర ఉంటుంది. అది కొత్త కణాలను పుట్టించి గాయాన్ని మెల్లగా కప్పుతుంది. తాటి, ఈత చెట్లలో అలాంటి పొర లేదు. గాయం అలాగే ఉండిపోతుంది. పైగా ఈ చెట్లలో గట్టి నారలు మాను అంచుల్లోనే దట్టంగా ఉంటాయి. లోపలి భాగం మెత్తన. గంటు పడేది గట్టి భాగం మీదనే!

గుండ్రటి కడ్డీ వంగకుండా నిలిచే బలం దాని వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం ఐదో వంతు తగ్గితే మిగిలేది 0.8 × 0.8 × 0.8, అంటే సుమారు 0.51. బలం దాదాపు సగమైపోయింది. గంటు పడిన మానుకు ఈ లెక్క అంచనా మాత్రమే. అయినా లోతైన గంటును ఎందుకు అనుమానంగా చూడాలో దీనివల్ల తెలుస్తుంది.

దీనికి ఒరుగు తోడైతే? 10 డిగ్రీలు ఒరిగిన చెట్టు మీద, మాను వెంబడి 10 మీటర్లు ఎక్కిన మనిషి, మొదలుకు అడ్డంగా 1.74 మీటర్ల దూరంలో ఉంటాడు. అతని 60 కిలోల బరువు మొదలును 104 కిలోగ్రాం-మీటర్ల బలభ్రామకంతో వంచజూస్తుంది. ఒరుగు 5 డిగ్రీలే అయితే అది 52. ఒరుగు రెట్టింపైతే భారమూ రెట్టింపే. మెలికల చెట్టులో ఇంకొక మాట గుర్తుంచుకోవాలి. మొత్తం చెట్టు నిటారుగా కనిపించినా, ఒక్కొక్క మెలిక ఒక్కొక్క వైపుకు ఒరిగి ఉంటుంది. కింద పైవైపు అయినది, రెండు గజాలు ఎక్కేసరికి కిందివైపు కావచ్చు. అందుకని ఏ చోట నిలుస్తామో ఆ చోటి ఒరుగునే చూడాలి.

మంచె కట్టాలంటే

చెట్టు మీద వేలాడడం ఒక పద్ధతి. కూర్చోవడం ఇంకొక పద్ధతి. మక్క చేనుకు, చెరకు తోటకు అడవిపందులు వస్తాయి. జొన్న చేనుకు పిట్టలు వస్తాయి. కాపలా కోసం నాలుగు గుంజలు పాతో, చెట్టు కొమ్మల మధ్యనో మంచె కడతారు. పూర్వం అడవుల్లో వేటగాళ్ళు కూడా చెట్ల మీద మంచెలు కట్టుకొని పొంచి ఉండేవారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ వేటలకు అడ్డుకట్ట వేసింది. అమెరికాలో దుప్పుల వేట నేటికీ ఉంది. అక్కడివారు కొందరు మానుకు బిగించే చిన్న బల్ల మీద కూర్చుంటారు, అది మన మంచె వంటిది. మరికొందరు నడుముకు, తొడలకు పట్టీ వేసుకొని తాడు మీద వాలుతారు. దీన్ని శాడిల్ అంటారు, అంటే జీను. మన మోకుకు అది దూరపు చుట్టమన్నమాట! వంకర చెట్టు ఎదురైతే వాళ్ళకూ మన ప్రశ్నే వస్తుంది: బల్లా, తాడా? ఏ వైపు?

బల్లకు జవాబు ఇది. ఒరిగిన చెట్టుకు పైవైపే బల్ల కట్టాలి. అప్పుడు మాను వీపు వెనక్కి వాలి పడకకుర్చీలా ఆసరా ఇస్తుంది. కిందివైపు కడితే మాను తల మీదికి వంగి మనిషిని ముందుకు తోస్తుంది. తరువాత బల్ల మట్టంగా ఉండాలి. 10 డిగ్రీలు ఒరిగిన మానుకు లంబంగా 60 సెంటీమీటర్ల వెడల్పు బల్ల బిగిస్తే, ఒక అంచు కంటే రెండో అంచు 10 సెంటీమీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. మంచు కురిసిన రాత్రి దాని మీద నిద్రమత్తులో ఉన్నవాడు జారడానికి అది చాలు. ఆ తేడాను చెక్కముక్కతో సరిచేసి, రసమట్టంతో గాని, పళ్ళెంలో నీళ్ళు పోసి గాని చూసుకోవాలి. మనిషి గరిమనాభి నుంచి గీసిన నిలువు గీత, ఆధారాలుగా ఉన్న కొమ్మలు, గుంజల మధ్యనే పడాలి. ఒరుగు బాగా ఎక్కువైతే ఆ చెట్టును వదిలి నేలలో నాలుగు గుంజలు పాతుకోవడమే మంచిది.

మీరే చేసి చూడండి

(చెట్టు ఎక్కవద్దు. ఇవన్నీ నేల మీద చేసేవే.)

1. ఒరుగు కొలవడం: మీటరు దారానికి చిన్న రాయి కట్టండి. ఇదే మేస్త్రీల తూకంగుండు. ఒరిగిన మాను కిందివైపు, దారం పైకొసను మానుకు ఆనించి పట్టుకోండి. రాయి ఊగడం ఆగాక, దారం కింది కొసకూ మానుకూ మధ్య దూరాన్ని అడ్డంగా కొలవండి. 9 సెంటీమీటర్లు ఉంటే ఒరుగు సుమారు 5 డిగ్రీలు, 18 ఉంటే 10, 27 ఉంటే 15, 36 ఉంటే 20 డిగ్రీలు.

2. మోకు పట్టు: బడి వరండా స్తంభం చుట్టూ గట్టి తువ్వాలు వేసి రెండు కొసలూ పట్టుకోండి. పాదాలు నేల మీదనే, స్తంభం మొదట్లో ఉంచి మెల్లగా వెనక్కి వాలండి. వాలేకొద్దీ చేతుల్లో లాగుడు ఎలా పెరుగుతుందో గమనించండి. వెనుక ఒక స్నేహితుణ్ణి నిలబెట్టుకోండి.

3. దొర్లుడు: నున్నటి గుండ్రటి కర్రను ఏటవాలుగా పెట్టండి. దానికి వదులుగా ఒక దారం ఉంగరం వేసి, ఉంగరానికి సుద్దముక్క కట్టండి. సుద్దముక్కను పైవైపు నిలబెట్టి వదలండి. ఎటు పోయి ఆగింది?

మళ్ళీ ఆ అబ్బాయి

మా విద్యార్థి దారమూ రాయీ తీసుకొని వెళ్ళి, వాళ్ళ బాపు గీసే చెట్లన్నీ కొలిచి వచ్చాడు. ఒక ఈత చెట్టుకు 31 సెంటీమీటర్లు వచ్చింది. అంటే 17 డిగ్రీలు దాటింది. దాని మీద లోతైన గంట్లు కూడా ఉన్నాయట. ఒక సాయంత్రం వాళ్ళ బాపు బడికి వచ్చారు. నేను నల్లబల్ల మీద లెక్క వేసి చూపించాను. ఆయన కాసేపు చూసి, "సార్, ఒరిగిన చెట్టు మీద మోకు ఒదులైతదని మాకు ఎరుకే. గింత ఒదులైతదని లెక్క ఎరుక లేదు" అన్నారు.

2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో భద్రతా పరికరాలు ఇవ్వడం, వాటి వాడకంలో శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌడుల కులదైవం. పట్టీలు, తాళ్ళు, కొక్కేలు ఉన్న ఈ పరికరాల ఉద్దేశం ఒక్కటే: కాలు జారినా మనిషి నేల మీద పడకుండా తాడుకు ఆగిపోవాలి. మన పాఠంలో వదులు మోకు చేయలేని పని అదే. ఆ శిక్షణకు తన పేరు ఇస్తానని ఆయన చెప్పారు. 31 సెంటీమీటర్ల ఈత చెట్టును ఆ ఏడు గీయలేదు.

మీ ఊళ్ళోనూ చెట్టు ఎక్కేవారు ఉంటారు. వారి పనిని దూరం నుంచి గమనించండి, గౌరవంగా మాట్లాడండి, ఒక దారమూ రాయీ తీసుకెళ్ళి వారితో కలిసి కొలవండి.

ప్రశ్నలు

1. 50 కిలోల మనిషి గరిమనాభి మానుకు 48 సెంటీమీటర్ల దూరంలో, పాదాలకు 80 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. చెట్టు నిటారుగా ఉంటే మోకు లాగుడు ఎంత? (జవాబు: 30 కిలోలు)
2. ఒరిగిన చెట్టు పైవైపు ఉన్నవాడు ఇంకా వెనక్కి వాలితే మోకు బిగువు పెరుగుతుందా, తగ్గుతుందా? ఎందుకు?
3. మంచెకు చెట్టు పైవైపు మంచిదని చెప్పుకున్నాం. మోకుకు అదే పైవైపు ఎందుకు అనుమానించదగినది?
4. ఈత చెట్టు గంటు మానకపోవడానికీ, వేపచెట్టు గాయం మానడానికీ కారణం ఏమిటి?